తాడు దించిన రోజు సూది

మా ఊళ్ళో కుక్కపిల్లకు టీకా వేయించాలంటే ఎవరూ పట్నం దాకా పోయేవాళ్ళు కాదు. ఓక్‌దాన్ అక్క ఇంటికి పోయేవాళ్ళు. పిల్లను చంకలో ఇరికించుకుని, మెడ మీది చర్మం రెండు వేళ్ళతో పైకి లాగి, సూది దించి తీసేసరికి ఆ పిల్ల ఇంకా ఆవులిస్తూనే ఉండేది. ముప్ఫయ్యేళ్ళు ఆ చేతికి ఎదురు లేదు. పట్నంలో పశువుల మందుల కొట్టు నుంచి సీసాలు తెచ్చి, కిమ్చీ పచ్చళ్ళు దాచే ఫ్రిజ్‌లో ముల్లంగి డబ్బాల మధ్య దాచేది. మా జిందో దీవిలో కుక్క లేని ఇల్లు లేదు కదా, అంచేత ఆమె చేతికి పని లేని నెలా లేదు. అప్పటికి ఇళ్ళల్లో సూది వేయడం మీద నిషేధం రాలేదు. చేతికి తగ్గట్టే ఆమెకు పొగరూ ఉండేది. ఎవరైనా ఎదురు చెబితే ఇంతెత్తున లేచేది.

ఆమెకొక నియమం ఉండేది. మనిషి కానుపైనా, కుక్క ఈనినా, మా వాళ్ళు గుమ్మానికి గడ్డితాడు కడతారు. మూడేడులు, అంటే ఇరవై ఒక్క రోజులు, పరాయివాళ్ళు ఆ తాడు దాటకూడదు. ఈ రోజుల్లో పసిపిల్లలున్న ఇళ్ళకే కట్టడం మానేశారు, కుక్కలకెవరు కడతారు? ఓక్‌దాన్ అక్క కట్టేది. నురుంజీ ఈనగానే తాడు కట్టి, దానికి ఉప్పు లేకుండా సముద్రపు నాచు చారు కాచి పోసేది. నురుంజీ ఆమె కుక్క. గిన్నె అడుగున మాడిన అన్నం రంగు, పేరూ అదే. ఇరవై ఒకటో రోజు పొద్దున్నే తాడు దించేది, ఆ చేత్తోనే పిల్లలన్నిటికీ టీకా వేసేది. "తాడు దిగిన రోజు సూది దిగాలి" అని ఊరందరికీ చెప్పేది. ఊరంతా ఆ లెక్కనే నడిచేది.

అయినా మధ్య మధ్యలో ఏదో ఒక ఇంట్లో కుక్కపిల్లలు పార్వో అనే అంటురోగంతో రక్తం కక్కుకుని పోతూనే ఉండేవి. దానికి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఎవరో తాడు దాటారు.

పోయిన ఏడాది ఆ ఎవరో నేనయ్యాను. నా పేరు బున్‌నే. మా రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు రాతిగోడ ఒక్కటే అడ్డం. ఎండు నెత్తళ్ళ గిన్నె ఇవ్వడానికి తాడు ఇవతల నిలబడి చెయ్యి చాచాను, అంతే నేను చేసిన పాపం. నురుంజీ పిల్లలు అయిదూ తొమ్మిదో వారంలో నాలుగు రోజుల్లో పోయాయి. ఓక్‌దాన్ అక్క వీధిలో నిలబడి, "అయిదు ప్రాణాలు మింగావే, నీ చెయ్యి విరగ!" అని అరిచింది. నేనూ నోరు మూసుకునే రకం కాదు. "నీ సూదికి తుప్పు పట్టిందేమో చూసుకో" అన్నాను. ఆ తరువాత పది నెలలు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఈ ఏడు మార్చిలో నురుంజీ మళ్ళీ ఈనింది. ఎనిమిదేళ్ళ కుక్క, ఇదే ఆఖరి ఈత అని అందరికీ తెలుసు. మూడే పిల్లలు. తిండి పేరు పెడితే ఆయుష్షు గట్టిగా ఉంటుందని మా నమ్మకం. పెద్దదానికి గమ్‌జా అని పెట్టింది, అంటే బంగాళాదుంప. నడిమిదానికి ఖోంగ్, సోయా గింజ. గుప్పెట్లో పట్టేంత ఉన్న ఆఖరిదానికి క్కే, నువ్వుగింజ. ఈ మూడూ బతికి తీరాలని ఓక్‌దాన్ అక్క పంతం పట్టింది. పోయిన అయిదింటి ఉసురు అప్పుడు గానీ తీరదనుకుంది.

సరిగ్గా ఆ వారమే రేవు పక్కన కింది ఊళ్ళో రెండిళ్ళల్లో పార్వో మొదలైంది.

కుక్కపిల్లల పేర్లు ప్రభుత్వం పుస్తకంలో ఎక్కించడానికి సోల్ అనే కొత్త పశువుల డాక్టరు వచ్చింది. ముప్ఫయ్యేళ్ళు కూడా లేని అమ్మాయి. ఆడవాళ్ళ సంఘం పెద్దను కాబట్టి ఇల్లిల్లూ చూపించే పని నాకు పడింది. తప్పించుకోలేక ఓక్‌దాన్ అక్క వాకిట్లోకి అడుగుపెట్టాను. గడ్డితాడు అప్పుడే దించినట్టుంది, నేల మీద చుట్టగా పడి ఉంది. ఆమె చంకలో గమ్‌జా, చేతిలో సూది.

"మామ్మగారూ, ఆ సూదిలో ఏముంది?" అంది డాక్టరు.

"కషాయం! కనబడట్లా? టీకా."

"పుట్టి ఎన్నాళ్ళయింది?"

"మూడేడులు. ఇవాళే తాడు దించా."

"ఆ సూది కూడా దించండి. కింద పెట్టండి."

ఓక్‌దాన్ అక్క ఆ అమ్మాయిని పైనుంచి కింది దాకా చూసింది. "పిల్లా, నువ్వు పుట్టకముందు నుంచీ వేస్తున్నానే ఈ సూది. నీ చదువు నా దగ్గర ఒలకబొయ్యకు."

డాక్టరు జంకలేదు. అరుగు మీద కూర్చుని నింపాదిగా చెప్పింది. "తల్లి ముర్రుపాలతో వీటికి కాపలా వచ్చింది. యాంటీబాడీలు అంటాం. అవి ఒంట్లో ఉన్నన్నాళ్ళూ రోగాన్ని చంపుతాయి, మీరు వేసే టీకానీ చంపుతాయి. వాటికి తేడా తెలీదు."

"కాపలా ఉందిగా మరి, ఇంకేం?"

"ఉంది, కానీ రోజురోజుకీ అరిగిపోద్ది. అది అరిగాక పిల్ల ఒంట్లో తల్లిదీ ఉండదు, టీకాదీ ఉండదు. మీరేమో వేసేశాంలే అని గుండె మీద చెయ్యేసుకుని పడుకుంటారు." ఆగి అడిగింది. "పోయినసారి పిల్లలకు ఎప్పుడు వేశారు?"

"ఇరవై ఒకటో రోజు."

"ఎప్పుడు పోయాయి?"

ఓక్‌దాన్ అక్క సూదిలో మందు ఎంతుందో చూసుకుంది. నేను ఊరుకోలేక "తొమ్మిదో వారం" అన్నాను.

ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇదిగో, ఇదే! తాడు దాటింది ఇదే! అడుగు దీన్ని!"

"చెయ్యి చాచానే తల్లీ, కాలు పెట్టలా! నెత్తళ్ళు తిన్నప్పుడు లేని మైల పిల్లలు చచ్చాక వచ్చిందా?"

"ఆగండి, ఇద్దరూ ఆగండి" అంది డాక్టరు. "ఈ రోగం బూటు మట్టితో వస్తది, ఎలక కాళ్ళతో వస్తది. ఈవిడ రాకపోయినా వచ్చేదే. టీకా పట్టి ఉంటే, వచ్చినా అవి చచ్చేవి కావు. తల్లి రక్తం పరీక్షకు పంపితే, పిల్లల్లో కాపలా ఎన్నాళ్ళుంటుందో, టీకా ఎప్పుడు వెయ్యాలో లెక్క చెబుతా."

ఓక్‌దాన్ అక్క గమ్‌జాను కిందికి దించింది. తరువాత సూదికి మూత పెట్టింది. నురుంజీని ఒళ్ళోకి లాక్కుని ముందుకాలు చాచి పట్టుకుంది. "తల్లి రక్తం చూస్తే లెక్క తేలుద్దంటావు, అంతేగా? తియ్యి. నువ్వు చెప్పింది అబద్ధమని తేలితే మాత్రం రేవు దాకా తరిమి కొడతా."

రక్తం మంచుపెట్టెలో పెట్టి బస్సులో క్వాంగ్జు నగరంలో పరీక్ష చేసే చోటికి పంపారు. అయిదో రోజు డాక్టరు తనే వచ్చింది. గోడ ఇవతల ఉల్లికాడలు ఒలుస్తున్న నాకు ప్రతి మాటా వినబడింది. పోయిన ఏడాది పిల్లలతో పాటు నురుంజీ కూడా రోగంతో పోరాడి బతికింది కాబట్టి, దాని రక్తంలో కాపలా మామూలు కంటే చాలా ఎక్కువగా ఉంది. ఆ లెక్కన పిల్లల్లో అది పదో వారం దాకా నిలుస్తుంది. అప్పుడు మొదటి టీకా, రెండు వారాలకు మళ్ళీ, పదహారు వారాలు దాటాక ఇంకోసారి, ఆ తరువాత పిల్లల రక్తం చూసి, పట్టిందో లేదో తేల్చుకోవాలి.

"మరి మూడేడులకు వేస్తే?" అంది ఓక్‌దాన్ అక్క.

"ఏ తల్లి పిల్లలకైనా దాదాపు దండగే."

"దాదాపా?"

"దండగే, మామ్మగారూ."

ఆ సాయంత్రం గోడ మీద ఎర్రచిక్కుళ్ళ జావ గిన్నె కనబడింది. అవతలి నుంచి గొంతు మాత్రం వచ్చింది. "బున్‌నే, గిన్నె కడిగి ఇవ్వక్కర్లేదు." అదీ ఆమె క్షమాపణ! పది నెలల తిట్లకు గిన్నెడు జావ. నాకు ఒళ్ళు మండింది. అయినా తాగాను, చాలా బాగుంది.

అదే రోజు ఆమె తాడు మళ్ళీ కట్టింది. పదో వారం దాకా దించేది లేదంది. ఊరు నవ్వింది. "రాణీగారి కానుపు ఇంకా అవలేదా?" అని కొందరు, "ఓక్‌దాన్ చేతికి వణుకొచ్చింది, అందుకే సూది మానేసింది" అని కొందరు.  ఆమె మాత్రం బూట్లు బ్లీచింగ్ నీళ్ళలో ముంచి గానీ వాకిట్లోకి వచ్చేది కాదు. కుక్కల జోలికి వచ్చిన పిల్లుల మీదికీ పక్షుల మీదికీ చీపురు తీసుకుని పరుగెత్తేది. ఏప్రిల్ నడుమకు రోగం కొండ ఎక్కి మా ఊరికి వచ్చేసింది.

ఏప్రిల్ ఆఖర్లో ఊరి పెద్ద గిల్‌సూ ఇంట్లో నాలుగు పిల్లలు పోయాయి. ఫిబ్రవరిలో వాటికి ఓక్‌దాన్ అక్కే సూది వేసింది, తాడు దించవలసిన రోజునే. ఆయన వచ్చి వాకిలి బయట నిలబడ్డాడు. కళ్ళు వాచి ఉన్నాయి. "అక్కా, నువ్వు వేశావుగా. ఎలా పోయాయంటావ్?" అన్నాడు.

ఆమె తాడు ముడి బిగించింది. "ఏం చెప్పను తమ్ముడూ, వాటి రాత" అంది.

ఆయన వెళ్ళాక నేను గోడ మీదుగా దులిపేశాను. "రాతా? చెప్పవేం? నీకు తెలుసుగా!"

"నోరు రాలా బున్‌నే" అని లోపలికి పోయి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున నేను గోడ దగ్గరికి వెళ్ళేసరికి, చంకలో క్కే ఉంది, చేతిలో నింపిన సూది ఉంది. గోడ మీదికి వంగాను. "అక్కా, ఏంటది?"

"నోర్ముయ్. నాలుగు పోయాయి పక్క వీధిలో. చేతిలో మందు పెట్టుకుని చూస్తా కూర్చోమంటావా?"

"వేస్తే వెయ్యి. కానీ అది నీ మనసుకు మందు, పిల్లకు కాదు. ఇవాళ వేస్తావు, రేపు ధైర్యం వచ్చి తాడు దించేస్తావు. నేనెరగనా నిన్ను?"

ఆమె చేతులు వణికాయి. నిజంగానే వణికాయి, ఊరు అన్నట్టే. సూది మొన నేలకు పెట్టి మందంతా మట్టిలోకి నొక్కేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫ్రిజ్‌లో మిగిలిన సీసాలన్నీ తెచ్చి గోడ మీద పెట్టి, "నీ దగ్గరుంచు, అడిగినా ఇవ్వకు" అంది. ఆ తరువాత రెండుసార్లు అడిగింది. నేను ఇవ్వలేదు.

మే నెల నడుమ పదో వారం వచ్చింది. ఊరంతా సముద్రపు నాచు ఎండబెట్టే పనిలో ఉంది, మేమిద్దరం మాత్రం అరుగు మీద కూర్చున్నాం. డాక్టరు ఈసారి అక్కడే చూసే పరీక్ష పెట్టె తెచ్చింది. మూడు పిల్లల రక్తం చుక్కలు వేసి అరగంట ఆగాలంది. మచ్చ ఎంత నల్లగా వస్తే తల్లి కాపలా అంత మిగిలి ఉన్నట్టు. ఓక్‌దాన్ అక్క ఆ అరగంటా నురుంజీ మెడ పట్టుకుని కదలకుండా కూర్చుంది. 

క్కే గడిలో ఏమీ లేదు, తెల్లగా ఉంది. పాల దగ్గర పెద్దవి రెండూ నెట్టేసేవి దాన్ని, దానికి ముర్రుపాలు దొరికిందే తక్కువ. ఖోంగ్ గడిలో లేదనిపించేంత మచ్చ. గమ్‌జా గడిలో మచ్చ బాగానే కనబడింది.

"అయితే గమ్‌జాకు భయం లేదుగా?" అంది ఓక్‌దాన్ అక్క.

డాక్టరు పెదవి కొరుక్కుంది. "నాకు దీని గురించే భయం. ఇది మధ్యలో ఇరుక్కుంది. రోగాన్ని ఆపేంత లేదు, టీకాను చంపేంత ఉంది."

"ఎక్కువ తాగినందుకా?"

"ఎక్కువ తాగినందుకే."

ఓక్‌దాన్ అక్క ఆ బొద్దు పిల్లను మొహానికి ఆనించుకుంది. డాక్టరు మూడింటికీ టీకా వేసింది. చిన్నవాటికి పడుతుందని తన నమ్మకం, గమ్‌జాకు పట్టకపోవచ్చు, రెండు వారాలకు మళ్ళీ వేస్తానంది. "ఈ రెండు వారాలే, మామ్మగారూ. ఎలాగోలా గట్టెక్కించండి" అంది.

గట్టెక్కలేదు. ఎనిమిదో రోజు గమ్‌జా గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, తల తిప్పుకుంది. తిండి చూస్తే ఆగని పిల్ల అది. మధ్యాహ్నానికి పసుపు నురగ కక్కింది. నా చిన్న లారీలో పట్నం తీసుకుపోయాం. దారి పొడుగునా ఓక్‌దాన్ అక్క ఒక్కటే మాట. "దీనికి పట్టలేదు బున్‌నే. నా కళ్ళ ముందు వేసింది, అయినా పట్టలేదు." డాక్టరు రెండు రాత్రులు ఇంటికి పోకుండా సెలైన్ ఎక్కించింది. మూడో రోజు పొద్దున ఆ బంగారుకొండ ఓక్‌దాన్ అక్క వేలు నాకుతూ పోయింది. డాక్టరు గోడ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క ఆ అమ్మాయి వీపు మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పినట్టే అయింది, నీ తప్పు కాదు" అంది. ఈ ముసలిది ఇంకొకరిని ఓదార్చడం నా జన్మలో అదే మొదటిసారి చూడడం.

ఖోంగ్‌కు ఏమీ కాలేదు. క్కేకు అసలు ఏమీ కాలేదు. ఒకే గిన్నెలో తిన్నాయి, ఒకే గోనె మీద పడుకున్నాయి, అయినా రోగం వాటిని ముట్టలేదు. టీకా పట్టింది.

వారం తరువాత ఊరి హాల్లో మధ్యాహ్నం భోజనాలు. నాచు పనికి వచ్చిన ఆడవాళ్ళు పదిమంది, వంటలు చూడడానికి వచ్చిన గిల్‌సూ, అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాం. ఓక్‌దాన్ అక్కకు అందరూ చేపముక్కలు ఏరి వేస్తున్నారు.

"ఆ పిల్ల డాక్టరు మాట విని చెడ్డావక్కా" అన్నాడు గిల్‌సూ, నిజంగా జాలిపడుతూ. "పది వారాలు ఆగమంది, ఆగావు. ఏమైంది? ఆ అమ్మాయి వేసిన సూది ఎందుకూ కొరగాలేదు. నీ పద్ధతిలో తాడు దించిన రోజే వేసుంటే గమ్‌జా బంగారంలా బతికేది."

"అవును మరి" అంది ఒకామె. "నీ చెయ్యి చెయ్యే అక్కా. వచ్చే వారం మా కుక్క ఈనుద్ది, మూడేడులకు నీ దగ్గరికే తెస్తా."

చుట్టూ తలలన్నీ ఊగాయి.  ముప్ఫయ్యేళ్ళ పేరు ఆ బల్ల మీద ఆమెకు తిరిగి ఇచ్చేస్తున్నారు. ఊరికే చేపముక్క నమిలి మింగితే చాలు, అంతా మునుపటిలా అయిపోతుంది. నేను ఆమె మొహం వైపే చూస్తున్నాను.

ఆమె చెంచా కింద పెట్టింది.

"బతికేది కాదు" అంది. "నా పద్ధతిలో వేసుంటే మూడూ పోయేవి. ఇప్పుడు రెండు మిగిలాయి. మీరెవరూ మూడేడులకు నా దగ్గరికి రాకండి, వచ్చినా వెయ్యను. ఆ డాక్టరమ్మ దగ్గరికి పోండి, తల్లికి రక్తం చూపించండి, ఎప్పుడు వెయ్యాలో ఆ అమ్మాయి చెబుద్ది."

"ఊరుకో అక్కా, దిగుల్లో ఏదో అంటున్నావ్..."

"దిగులు కాదు. తమ్ముడూ, నీ నాలుగు పిల్లలూ పోయింది నా వల్లే. ఫిబ్రవరిలో నేను వేసింది నీళ్ళతో సమానం. అప్పుడు నాకు తెలీదు. మార్చి ఆఖర్లో తెలిసింది. అవి అప్పటికింకా ఆడుకుంటున్నాయి నీ వాకిట్లో. మళ్ళీ వేయించుకో అని ఒక్క మాట నీకు చెప్పుంటే నెల రోజుల టైముంది."

 గిల్‌సూ మొహంలో రక్తం లేదు. "తెలిసీ... నెల రోజులు... ఎందుకు చెప్పలా అక్కా?"

"పరువు పోద్దని" అంది ఓక్‌దాన్ అక్క.

 ఆయన సగం అన్నం అలాగే వదిలేసి లేచి బయటికి పోయాడు. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన వెనకాలే పరుగెత్తింది. తలుపు తెరిచే ఉంది. మిగిలిన ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తరువాత నా వైపు తిరిగారు. "ఎంత పని చేసింది చూశావా బున్‌నే, తెలిసి తెలిసి!" అంది ఒకామె.

నేను తల వంచుకుని అన్నం కెలుకుతూ కూర్చున్నాను. మార్చి ఆఖర్లో ఆ డాక్టరు చెప్పిన ప్రతి మాటా గోడ ఇవతల కూర్చుని నేనూ విన్నాను.